ఐదో తేదీన పలికే పెట్టె

మీరు చచ్చిపోయిన మరుసటి నెలలో మీ పేరు మీద ఏమేం కదులుతూ ఉంటాయో మీకు తెలుసా?

మీ ఆత్మ సంగతి అడగడం లేదు. దానికి రుజువు చూపించినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. మీ డబ్బు సంగతి అడుగుతున్నాను. మిమ్మల్ని తగలేసి, బూడిద సముద్రంలో కలిపి, ఇంటికొచ్చి తలస్నానాలు చేశాక కూడా మీ ఖాతాలోంచి ఎవరికో డబ్బు పోతూ ఉంటే, దాన్ని మీ ఇంట్లోవాళ్లు ఏమనుకుంటారు? ఎప్పుడైనా ఆలోచించారా? నేను ఆలోచించలేదు. ముత్తియాల్‌పేటలో ఒక ఇడ్లీ పిండి అంగడికి పోయేదాకా నాకా ఆలోచనే రాలేదు.

పుదుచ్చేరిలో ఒక బ్యాంకులో అప్పుల విభాగం నాది. అప్పు అడిగిన మనిషి చేతిలోకి నెలనెలా ఎంత వస్తుంది, ఎంత పోతుంది, మిగిలినదాంతో అప్పు కంతు కట్టగలడా లేడా అని తేల్చి రాయడం నా పని. మనిషి మాట వినాలి, కానీ నమ్మకూడదు. చిన్న వయసులో మా హేతువాద చర్చావేదికలో నేర్చుకున్న పద్ధతి కూడా అదే. ఎవరేం చెప్పినా, అది నిజమైతే ఇంకేం కనపడాలి, అది కనపడుతోందా అని చూడాలి. దేవుడి మీద వాడిన ఆ ప్రశ్ననే నేను అంగళ్ల మీద వాడుతూ బతుకుతున్నాను.

పిండి అంగడామెకు నలభై దాటి ఉంటాయి. మొగుడు పోయాడని దరఖాస్తులో ఉంది. అత్త, కాలేజీలో చదివే కూతురు, తను. ముందు అంగడి, వెనక ఇల్లు. ఇల్లు ఆమె పేరనే ఉంది. మేట్టుపాళయం పారిశ్రామికవాడలో ఒక షెడ్డు బాడుగకు తీసుకుని, పెద్ద గ్రైండర్లు, పిండి పులిసిపోకుండా చల్లగా ఉంచే గది పెట్టుకుని, ఊరంతా హోటళ్లకు పిండి వేయాలని ఆమె ఆశ. దానికి కావలసిన అప్పు పెద్దది. ఏడేళ్లు కట్టాలి. ఇంటిని తనఖా పెడతానంది. కట్టలేకపోతే ముగ్గురు ఆడవాళ్లు వీధిలో పడతారు. నా సంతకానికి ఆ బరువుంది.

పిండి అంగడి లెక్క చూడటం కష్టం కాదు. పిండి గాలిలోంచి రాదు. అమ్మిన ప్రతి ప్యాకెట్టు వెనకా బియ్యం ఉండాలి, ఉద్దిపప్పు ఉండాలి, గ్రైండరు తిరిగిన కరెంటు ఉండాలి. నేను పప్పు కొన్న రసీదులు ఒక పక్క, బ్యాంకులోకి వచ్చిన డబ్బు ఒక పక్క పెట్టుకుని చూస్తాను. ఆమె లెక్క ముచ్చటగా ఉంది. శనివారం సాయంత్రం అమ్మకం పెరుగుతుంది, ఆదివారం పొద్దున ఊరంతా ఇడ్లీ తింటుంది కాబట్టి. వానల నెలల్లో పడిపోతుంది. తేమకు పిండి సరిగ్గా పొంగదు, వీధిలో నీళ్లు నిలిచి జనం రారు. అన్నీ పైసాపైసా నిజం చెప్పే అంకెలు.

ఒక్కటి తప్ప. ప్రతి నెలా ఐదో తేదీన, పొద్దున పదకొండు దాటాక, పన్నెండు వేలు. ఒక రూపాయి ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఆ నెలలో కొన్న పప్పుకు దానితో సంబంధం లేదు. వానల్లో అంగడి మూసిన ఐదో తేదీన కూడా వచ్చింది. పిండి అమ్ముడుపోకుండానే వచ్చిన డబ్బు. మిగతా డబ్బుకంతా నీడ ఉంది, దీనికి లేదు.

పైగా ఆ పన్నెండు వేలు ఉంటేనే వానాకాలంలో కంతు నిలబడుతుంది. అది తీసేస్తే మూడు నెలలు కంతుకు డబ్బు చాలదు.

ఇలాంటివి చాలా చూశాను. అమ్మకం ఎక్కువ చూపించడానికి తమ్ముడి చేత వేయించుకుని చాటున తిరిగి ఇచ్చేస్తారు. అదే అనుకుని ఆమెకు ఫోన్ చేసి తమిళంలో పలకరించాను. పంపినవాడి పేరు చదివి, "ఈయనెవరమ్మా?" అన్నాను.

"మా ఇంటాయన సార్."

"ఏం చేస్తాడు?"

"పోయినాడు గదా సార్. దరఖాస్తులో రాసినామే. రెండో ఏడు నడస్తా ఉంది."

పైన ఫ్యాను తిరుగుతోంది. పక్క బల్ల మీద ఎవరో ముద్ర వేస్తున్నారు. చేతిలో ఉన్న కాగితంలో ఆ పేరు పోయిన నెలలో ఉంది, అంతకు ముందు నెలలో ఉంది.

"అయితే ఈ డబ్బు ఎవరు పంపుతున్నారు?"

ఆమె గొంతులో దాపరికం లేదు. అసలు అదే నన్ను ఇబ్బంది పెట్టింది. "ఆయనే సార్," అంది.

*

మధ్యాహ్నం పోయాను. ముత్తియాల్‌పేట సందులు ఆ వేళకు పలచబడతాయి. బండ్లు గోడల నీడల్లో నిలబడి ఉంటాయి, షట్టర్లు సగానికి దిగుతాయి. అంగడిలోకి వంగి దూరాను. పులిసిన పిండి వాసన ముఖానికి తగిలింది. డబ్బాల్లో పిండి పొంగుతూ లోపల్లోపల చిన్నగా బుడగలు పగులుతున్న చప్పుడు. గ్రైండరు ఆపి ఉంది కాబట్టి ఆ చప్పుడు వినపడుతోంది. ఎవరో మూతలకింద గుసగుసలాడుతున్నట్టు.

నేను తెలుగులో పలకరించేసరికి సార్ కాస్తా అన్న అయిపోయాను.

"మీరు మనోళ్లా! యాడ మీ ఇల్లు? అత్తా, బ్యాంకన్న వచ్చిండాడు, మనోళ్లే."

లోపల గోడకు మొగుడి ఫోటో, దానికి చందనం బొట్టు. ఫోటో కింద చిన్న పీట. పీట మీద ఆయన ఫోను, గోడలోంచి తీగ వచ్చి దానికి తగిలించి ఉంది. దాని మీద ఒక మల్లెపువ్వు పెట్టారు. పోయినప్పట్నించీ దాన్ని ఒక్కరోజు కూడా ఆరిపోనివ్వలేదట. నెలనెలా రీఛార్జి కూడా చేయిస్తున్నారట.

"ఫోను ఆరిపోతే ఆయనెట్ల పంపిస్తాడన్నా?" అంది ఆమె. ఎగతాళి కాదు. వంటింట్లో గ్యాసు లేకపోతే ఎట్లా వండుతాం అన్నట్టే అంది.

అత్త గోడకు ఆనుకుని కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. ఎనభై దగ్గర ఉంటాయి. నన్ను పైకీ కిందికీ చూసి, "నా కొడుకు బతికుండంగా రెండుసార్లు లోను అడిగినాడు, మీ బ్యాంకోళ్లు తిప్పి తిప్పి పంపించినారు. ఇప్పుడు చచ్చినోడికి సంపాదన ఉందా అని అడిగేదానికి వచ్చినావా నైనా?" అంది.

జవాబు చెప్పేలోపల గోడ మీద బల్లి కిచకిచమంది. ముసలామె ఒలుస్తున్న వెల్లుల్లి ఆపి, నేల మీద వేలితో మూడుసార్లు తట్టింది. మాట్లాడుతుండగా బల్లి పలికితే ఆ మాట నిజమని, దాన్ని ఒప్పుకున్నట్టు నేలను తట్టాలని మన ఇళ్లలో ఎంతమంది పెద్దవాళ్లు నమ్మరు? మా అమ్మమ్మ కూడా తట్టేది. చిన్నప్పుడు నేనూ తట్టేవాణ్ణి.

ఈ ఇంట్లో బల్లికి తోడు ఇంకొకటి చేరింది. అంగడి బల్ల మీద, డబ్బు అందగానే ఎంత అందిందో గట్టిగా చెప్పే స్పీకరు పెట్టె. ఇప్పుడు ఏ టీ అంగడిలో చూసినా ఉంటుంది. మేట్టుపాళయం షెడ్డు సంగతి ఆమె అత్తతో మొదటిసారి ఎత్తింది ఒక ఐదో తేదీనట. "ఇల్లు పెట్టి అప్పు తెస్తా అత్తా, ఏమంటావు?" అని నోరు మూసిందో లేదో, ముందరి అంగడిలో పెట్టె పన్నెండు వేలు అని పలికింది. ముసలామె నేలను తట్టింది. అంతే, తీర్మానం అయిపోయింది.

అంటే నా బ్యాంకు తీసుకోవలసిన నిర్ణయం అప్పటికే ఒక బల్లి చేతిలోంచి ఒక పెట్టె చేతిలోకి మారి, నా దగ్గరికి ముద్ర కోసం మాత్రమే వచ్చింది.

నాకు కోపం వచ్చింది. చదువుకున్న కోపం. కూర్చోబెట్టి చెప్పాను. నెలనెలా ఒక మొత్తం తనంతట తానే పోయేలా ఫోన్లో ఒకసారి ఏర్పాటు చేస్తే చాలు, ఆ తర్వాత పంపేది బ్యాంకు కంప్యూటరే. కొంత మొత్తం దాకా అయితే రహస్య సంఖ్య కూడా అడగదు. మనిషి పోయాడని ఎవరూ చెప్పలేదు కాబట్టి దానికి తెలియదు. ఆయన బతికుండగా ఎందుకో ఏర్పాటు చేసి ఉంటాడు. పోయినవాళ్ల ఖాతా ఇట్లా నడవనివ్వడం కూడా తప్పు, ఆ బ్యాంకుకు చెప్పాలి.

"బతికినప్పుడే వచ్చేదన్నా ఇది," అంది ఆమె. "ఒక హోటలు వాళ్ల నెల లెక్క అని చెప్పేటోడు. ఆయన పోయినంక పాప తన ఫోన్లో చూస్తే ఆయన పేరే ఉంది. హోటలూ లేదు, ఏమీ లేదు."

"అదే నేను చెప్తున్నా."

"అదే నేనూ చెప్తా ఉండా," అంది.

అప్పుడొక పరీక్ష పెట్టాను. వచ్చే ఐదో తేదీకి వస్తాను, ఫోను ఆపేస్తాను, డబ్బు వస్తే ఫోన్లో ఎవరూ లేరని మీరు ఒప్పుకోవాలి. ఆమె ముఖం పాలిపోయింది. ముసలామె మాత్రం వెల్లుల్లి పొట్టు ఊది, "రానీ. చూస్తాం," అంది.

*

ఆ ఐదో తేదీన పీట మీంచి ఫోను నేనే తీశాను. ఆపే మీట నొక్కి పట్టుకున్నాను. ఆమె కూతురి చేయి పట్టుకుని నిలబడింది, ఆసుపత్రిలో చివరి గొట్టం పీకుతున్నప్పుడు నిలబడినట్టు. తెర నల్లబడింది. ఫోన్ను నా చొక్కా జేబులో వేసుకున్నాను. రాత్రంతా ఛార్జింగులో ఉన్నందుకేమో వెచ్చగా ఉంది. గుండె మీద ఎవరో అరచెయ్యి పెట్టినంత వెచ్చగా.

గ్రైండరు ఆపేశారు. డబ్బాల్లో పిండి పొంగుతోంది. బయట ఒక ఆటో పోయింది, ఆ తర్వాత ఇంకేమీ పోలేదు.

పెట్టె పలికింది. తమిళంలో, ఏ ఊరిదీ కాని, ఊపిరి పీల్చని ఒక ఆడగొంతు. పన్నెండు వేల రూపాయలు అందినవి.

ఏమవుతుందో నాకు ముందే తెలుసు. ఎందుకవుతుందో తెలుసు. అయినా మెడ మీద వెంట్రుకలు లేచాయి. తెలిసినా లేచాయని ఎందుకు చెప్తున్నానంటే, ఒళ్లు జలదరించడం దేనికీ రుజువు కాదు. అది మన తోలు సంగతి మాత్రమే.

టక్ టక్ టక్. ముసలామె వేలు.

"చూసినావా నైనా," అంది, కళ్లు మెరుస్తుండగా. "ఫోను గూడ అక్కర్లే వానికి!"

నేను గెలవడానికి పెట్టిన పరీక్ష నా కళ్లముందే వాళ్ల మహిమ అయిపోయింది. అప్పటిదాకా ఆయన ఫోన్లో ఉండేవాడు. ఇప్పుడు నా పుణ్యమా అని ఎక్కడైనా ఉండగలడు. ఏ జవాబు వస్తే ఎవరు ఓడిపోయినట్టో రెండు పక్షాలూ ముందే ఒప్పుకోకుండా పరీక్ష పెడితే ఇంతే. ముసలామె ఏదీ ఒప్పుకోలేదు, రానీ అంది అంతే.

జేబులో ఫోను చల్లబడేదాకా అక్కడే నిలబడ్డాను.

*

వాదించడం మానేశాను. పని చేయడం మొదలుపెట్టాను. డబ్బు వచ్చిన దారినే వెనక్కి నడిస్తే అది బయల్దేరిన చోటు తగలాలి. "ఆయన ఖాతా ఉన్న బ్యాంకుకు పోయి అడగండి, వారసులుగా మీకు ఆ హక్కుంది" అన్నాను. నాలుగు రోజులు తటపటాయించి, మరణ పత్రం పట్టుకుని తల్లీకూతుళ్లు పోయారు. లెక్క ఇచ్చారు గానీ, ఖాతా ఆపాలంటే వేరే దరఖాస్తు ఇవ్వాలన్నారట. సాయంత్రం నాకు కబురు పెట్టారు. పోయేసరికి కూతురు కాగితం చదువుతోంది, అమ్మ నేల చూస్తోంది, ముసలామె ఫోటో చూస్తోంది.

కాగితంలో ఉన్నదీ, వాళ్లు చెప్పిందీ కలిపితే సంగతి ఇది. ఏంబలం ఊళ్లో వాళ్లకు ఒక వరిమడి ఉండేది. ముసలామె చేతులతో నాట్లేసిన మడి. కొడుకు అంగడి బాకీలు, తన వైద్యం చూసుకుని దాన్ని అమ్మేశాడు. తల్లి ఆ రోజు ఇంట్లో వండిన బువ్వ ముట్టలేదు. "ఆ మడి అమ్మిన రూపాయితో ఉడికిన మెతుకు నా నోట్లో పడితే నేను నీ అమ్మను కాదు," అంది. బాకీలు పోగా మిగిలిన డబ్బును ఆయన ఇంటికి చెప్పకుండా వేరే బ్యాంకులో వేశాడు. తల్లికి భయపడి ముట్టలేదు. జబ్బు ముదిరి, ఇక లేవననుకున్న నెలలో, అది నెలకు పన్నెండు వేలుగా అంగడిలోకి పిండి అమ్మకంలాగా జారేటట్టు ఫోన్లో ఏర్పాటు చేశాడు. హోటలు లెక్క అన్నాడు. ఆసుపత్రికి పోయాడు.

కూతురు చదవడం ఆపింది. ముసలామె ఫోటో మీంచి చూపు తిప్పింది.

"అయితే నేను రెండేండ్లుగా ఏంబలాన్ని తింటా ఉండానా?"

గోడ మీద బల్లి పలకలేదు.

"ఐదో తేదీ వచ్చినప్పుడంతా నేలను తట్టి తట్టి తింటినా?" అంది. తన వేలిని తనే చూసుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు, "నేనంటే వానికి భయం. సచ్చినా పోలా చూడు," అంది.

ఖాతాలో మిగిలింది ఇంకో ఆరు నెలలకు చాలినంతే. ఆ మాట నేనే చెప్పాను. ఏడేళ్ల అప్పు. ఆరో నెల దాటాక ఒక ఐదో తేదీన పెట్టె పలకదు. దానికి కారణం ఎవరూ చెప్పరు, ఆ గొంతుకు అయిపోయింది అనే మాట రాదు. అప్పుడు మీరేమనుకుంటారమ్మా? నేనేం తప్పు చేశానని ఆయన అలిగాడు అనుకుంటారు. ఫోన్ ముందు ఇంకో దీపం పెడతారు. వానలొస్తాయి. కంతు తప్పుతుంది. ఆ తర్వాత ఈ గోడకు జప్తు కాగితం అంటించేది మా బ్యాంకే.

ఆమె తలెత్తి నన్ను చూసిన చూపు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

"ఆయన ఒకసారి సచ్చినాడు. దానికి డాక్టరు సంతకం పెట్టినాడు," అంది. "ఇప్పుడు నీ చేత్తో నువ్వు సంపతా ఉండావన్నా."

నా దగ్గర సమాధానం ఉంది. ఉన్నది చెప్పడం చంపడం కాదని, చనిపోయినవాణ్ణి పనిలో పెట్టుకోవడమే అన్యాయమని. చెప్పలేదు. ఆ వేళ అది వాదన అవుతుంది, ఆమె అడిగింది వాదన కాదు.

వారం తర్వాత తనే బ్యాంకుకు వచ్చింది. పన్నెండు వేలు తీసేసి లెక్క మళ్లీ వేయమంది. నా ముందు కూర్చుని వానల నెలలు, పప్పు ధర, కరెంటు, కూతురి ఫీజు ఒక్కొక్కటే చెప్పింది. షెడ్డు నిలబడదని నాకంటే ముందు తనే అంది. ఉన్న అంగడిలోనే ఇంకో గ్రైండరు, ఒక పెద్ద ఫ్రిజ్. దానికి చిన్న అప్పు చాలు, ఇంటి కాగితం అక్కర్లేదు. అది రాసి పంపాను, మంజూరైంది. మరుసటి నెల మూడో తేదీన, మొగుడి ఖాతా మూయించే దరఖాస్తు కూడా నింపి నాకు చూపించడానికి తెచ్చింది. మిగిలిన డబ్బు పాప చదువుకు పెట్టమందట అత్త. "నా బువ్వలో మాత్రం కలపొద్దు" అందట.

దరఖాస్తు మీద సంతకం చేసి, తేదీ వేయకుండా ఆగింది.

"ఇంగొక్క ఐదో తేదీ అన్నా. ఎల్లుండే. అది వచ్చినాక ఇస్తా."

వద్దని చెప్పే న్యాయం నా దగ్గరుంది. చెప్పలేదు. ఆ పన్నెండు వేలు కూడా ముట్టకుండా పాప పేర వేస్తానంది.

ఐదో తేదీన నన్ను ఎవరూ పిలవలేదు, నేనే పోయాను. గ్రైండరు ఆపి ఉంది. ముగ్గురూ అంగడి బల్ల చుట్టూ నిలబడ్డారు. పీట మీది ఫోను ఆపేసి ఉంది, దాన్ని వాళ్లే ఆపారు. పెట్టె పలికింది, అదే ఊపిరి లేని గొంతుతో. ముసలామె వేలు పైకి లేచి, నేలను తాకకుండా అలాగే ఆగి, మెల్లగా ఒళ్లో పడింది. కోడలు పెట్టె వైపు తిరిగి, "సరి. ఇంగ పొయ్‌రా," అంది. పనికి పోతున్న మొగుడితో గడపలో అన్నట్టు.

తర్వాతి నెల ఐదో తేదీన నేను నా బల్ల దగ్గర ఎవరిదో సిమెంటు అంగడి లెక్క చూస్తున్నాను. ఉన్నట్టుండి తలెత్తితే గోడ గడియారం పదకొండు దాటి ఉంది. రెండు కిలోమీటర్ల అవతల ఒక పెట్టె ఏమీ పలకడం లేదని నాకు తెలుసు. ఆ పలకకపోవడాన్ని నేను వింటున్నాను. నా చూపుడువేలు బల్ల మీద మూడుసార్లు తట్టింది. మా అమ్మమ్మ వేలే అది, నా చేతికి ఉంది. వాదనలో ఓడించడం తేలిక. వేళ్లను ఓడించడానికి ఒక జీవితం చాలదు.

ఆ ఇల్లు నిలబడింది. నిలబెట్టింది పెట్టె కాదు, నేనూ కాదు. దాన్ని కాదని లెక్క మళ్లీ వేయమన్న ఆడమనిషి. కానీ ఆమె మొగుడు బతికుండగా ఒక్క పూట, ఒక్క మాట, అమ్మకు జడవకుండా చెప్పి ఉంటే, మూడు ప్రాణాలు రెండేళ్లు ఒక యంత్రం ముందు చెవులు ఒగ్గి కూర్చునేవి కావు.

మీరు ఆయనకంటే ధైర్యవంతులేం కాదు. మీకూ ఇంట్లో చెప్పని ఖాతా ఉంది, మీ ఫోన్లోనూ మిమ్మల్ని అడగకుండా నెలనెలా కదిలే డబ్బు ఉంది. కాబట్టి ఇది చదవడం ఆపి లేవండి. ఫోను తీయండి. మీ పేరు మీద ఏ తేదీన ఏది ఎక్కడికి పోతుందో మీ ఇంట్లోవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్లు కోప్పడినా సరే, ఒక్కొక్కటే చూపించండి. మీ ఇంట్లో పోయినవాళ్ల ఫోను ఇంకా ఛార్జింగులో ఉంటే, ఆ తీగ పీకి, మరణ పత్రం తీసుకుని రేపే ఆ బ్యాంకుకు పోండి. మీ గొంతు మీకున్నప్పుడే చెప్పండి. తర్వాత మీ బదులు పలికేదానికి ఊపిరి ఉండదు.